హ్యారిస్ విగ్రహం చెప్పనిది

లండన్‌లో స్ట్రాండ్ వీధిలోని సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చి గోడల మీద బాంబు ముక్కలు తగిలిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 మేలో జర్మన్ విమానాల దాడిలో ఆ చర్చి కాలిపోయింది. దాన్ని మళ్లీ కట్టుకుని బ్రిటన్ వైమానిక దళం తన చర్చిగా చేసుకుంది. దాని ముందే ఆర్థర్ హ్యారిస్ విగ్రహం ఉంది. జర్మనీ నగరాల మీద ఆ యుద్ధంలో బాంబులు కురిపించిన బ్రిటన్ వైమానిక దళ విభాగం బాంబర్ కమాండ్‌కు అధిపతి ఆయనే. 1992 మే 31న రాజమాత ఆ విగ్రహాన్ని ఆవిష్కరిస్తుంటే నిరసనకారులు కేకలు వేశారు. జర్మనీ నగరం కొలోన్ మీద బాంబర్ కమాండ్ చేసిన వెయ్యి విమానాల దాడికి అప్పటికి సరిగ్గా యాభై ఏళ్లు. తర్వాత విగ్రహం మీద ఎర్ర రంగు కూడా పోశారు.

హ్యారిస్‌ను వీరుడన్నా, హంతకుడన్నా ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. శత్రుదేశపు సామాన్య జనం, ముఖ్యంగా కార్మికుల మనోధైర్యాన్ని దెబ్బతీయాలన్న ఆదేశం 1942 ఫిబ్రవరి 14న వెలువడింది. అప్పటికి హ్యారిస్ ఆ బాధ్యతల్లోకే రాలేదు. వచ్చాక మాత్రం ఆ పనిని మనస్ఫూర్తిగా, మొండిగా చేశారు. ఆ తప్పు ఆయనదే. కానీ 1945 ఫిబ్రవరిలో జర్మనీ నగరం డ్రెస్డెన్‌లో బాంబు దాడులకు దాదాపు 25 వేల మంది చనిపోయాక, భయం పుట్టించడం కోసమే నగరాల మీద బాంబులు వేయడాన్ని పునఃపరిశీలించాలంటూ మార్చిలో నోట్ రాసింది అంతదాకా ఆ దాడులకు అండగా నిలిచిన ప్రధాని చర్చిలే. గెలిచాక అందరూ తప్పుకున్నారు, హ్యారిస్ ఒక్కరు మిగిలారు.

విగ్రహం కింద రాసిన మాటలు 55 వేల మందికి పైగా చనిపోయిన విమాన సిబ్బందిని కూడా స్మరిస్తాయి. లక్షా పాతిక వేల మందిలో అంతమంది! చాలామంది ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రాళ్లు. వాళ్లకు స్మారకం ఉండాల్సిందే. కానీ వాళ్ల త్యాగాన్ని కమాండర్ పేరు పక్కన పెడితే, ఆయన నిర్ణయాలను ప్రశ్నించడమే వాళ్లను అవమానించడమన్నట్టు అయిపోతుంది. అది ఆ కుర్రాళ్లకే అన్యాయం.

2012లో లండన్‌లోని గ్రీన్ పార్క్‌లో వాళ్ల కోసం కట్టిన స్మారకం ఇంతకంటే నిజాయితీగా ఉంది. అక్కడ కమాండర్ లేడు, ఏడుగురు సిబ్బంది కంచు బొమ్మలున్నాయి. 1939 నుంచి 1945 దాకా బాంబు దాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న అన్ని దేశాల వాళ్లకూ అది స్మారకమని గోడ మీదే రాశారు. హ్యారిస్ విగ్రహాన్ని తీసేయమని నేననను. 1942 నాటి ఆదేశం, చర్చిల్ నోట్, డ్రెస్డెన్ మృతుల లెక్క రాసిన ఫలకం ఒకటి దాని పక్కన పెట్టాలి.