వూమెరా గారికి, బూమరాంగ్ బాధితుడు రాయునది

ఆస్ట్రేలియా ఆదివాసులు ఈటె విసరడానికి వాడే కర్ర, వూమెరా గారికి నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం, పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు తప్ప. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు నా ఫిర్యాదు వినండి. మీకు పబ్లిసిటీ చేసుకోవడం బొత్తిగా చేతకాదు. మీ దేశంవాడే బూమరాంగ్‌ను చూడండి. తెలుగు పేపర్ తెరిస్తే ఏదో ఒక పార్టీ వ్యూహం 'బూమరాంగ్' అయి కూర్చుంటుంది. మీ పేరు చెబితే మాత్రం, "అది భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాతా?" అని అడుగుతారు.

పనితనంలో మీకేం తక్కువ? మూరన్నర ముల్గా (ఒక రకం ఎడారి తుమ్మ) చెక్క. ఒక కొసన కంగారూ నరంతో బిగించి కట్టిన చిన్న కొక్కెం. ఈటె వెనక కొసన ఉన్న గుంటలో ఆ కొక్కెం పెట్టి విసిరితే, మనిషి చేయి ఇంకో మూరన్నర పెరిగినట్టే. చేలో వడిసెల తిప్పినవాళ్లకు ఈ కిటుకు వివరించక్కర్లేదు. ఈటె దూసుకుపోతుంది, మీరు చేతిలోనే ఉండిపోతారు. అదిగో, అక్కడే చెడింది. ఇంటి పట్టున ఉండి గేదెలు కడిగే కొడుక్కి ఎవరు విందు చేస్తారండీ? మూడేళ్లకోసారి అమెరికా నుంచి తిరిగొచ్చేవాడికే కోడి కోస్తారు. తమాషా ఏమిటంటే, వేటకు వాడే బూమరాంగులు అసలు తిరిగే రావు. అయినా పేరు దానిదే.

మీ ఎడారి రకాన్ని అక్కడి ఆదివాసులైన పిట్జంట్జట్జారా వాళ్లు 'మిరు' అంటారు. దాని పిడి చివర స్పినిఫెక్స్ గడ్డి బంకతో అతికించిన రాతి పలుకు ఉంటుంది. దాంతోనే కర్ర చెక్కుతారు, మాంసం కోస్తారు. మధ్యలో దొప్పలా ఉన్న లోతులో ఎర్రమట్టి కలుపుతారు. మీ అంచును ఎండు దుంగ మీద రంపంలా గబగబా రాస్తే నిప్పు పుడుతుంది. మా వంటింట్లో మాత్రం కొబ్బరి తురమడానికొకటి, వెల్లుల్లి నలపడానికొకటి, వాటిని పెట్టడానికో ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బా ఎక్కడ పెట్టామో అని రోజూ టెన్షన్.

అలాగని మీకు సన్మానం జరగలేదని కాదు. మా దగ్గరైతే శాలువా కప్పి, ఫొటో దిగి పంపించేస్తారు. మీకు 1947లో ఇంకాస్త ఘనంగా చేశారు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో క్షిపణుల పరీక్షకు బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి పెట్టుకున్న కేంద్రానికి మీ పేరే పెట్టారు. 'వూమెరా' సిడ్నీ వైపు ఆదివాసులైన ధారుగ్ వాళ్ల మాట. ఆ కేంద్రం కోసం ఊరు వెలిసిందేమో అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైన, కొకతా అనే వేరే ఆదివాసుల నేల మీద. పేరు ఒకరిది, నేల ఇంకొకరిది, రాకెట్ మూడోవాడిది. ఇప్పటికీ ఆ నిషేధిత ప్రాంతం దాదాపు 1,22,000 చదరపు కిలోమీటర్లు, అంటే మా తెలంగాణ కంటే పెద్దది. అదే ఊళ్లో 1999 నుంచి 2003 దాకా శరణు కోరి వచ్చినవాళ్లను కంచె వెనక బంధించారు. దాని బోర్డు మీదా మీ పేరే.

నవ్వడానికి నాకూ మొహం లేదనుకోండి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే టీవీ ముందు చప్పట్లు కొట్టినవాణ్ణే. దానికి చోటివ్వడానికి గూడేలు ఖాళీ చేసిన యానాదుల సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ట్యాంకు. మెల్‌బోర్న్ నుంచి మా తోడల్లుడు బూమరాంగ్ పట్టుకొచ్చాడు. "విసురు బావా, నీ దగ్గరికే వస్తుంది" అన్నాడు. మేడెక్కి విసిరాను. పక్కింటి ట్యాంకు మూత పగిలింది. కొత్త మూతకు డబ్బులిచ్చుకున్నాను. బూమరాంగ్ మాత్రం వాళ్లింకా ఇవ్వలేదు.

ఇట్లు,
మీ బాధితుడు