పెద్దోళ్ల పేరు జెప్పి దీవి బంద్ వెట్టకుండ్రి

మన టొరంటో అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌ల ఆ మెసేజ్ జూసినకాన్నుంచి మనసున పడ్తలేదు. వచ్చే ఎండాకాలం పిక్నిక్ టొరంటో ఐలాండ్‌ల, గదే కెనడాల టొరంటో ముందటి సరస్సుల పడవెక్కి పోయే దీవిల, లేదట, పార్కింగ్ ఉన్న ఏదో పార్క్‌ల వెడ్తరట, "పేరెంట్స్‌కు ఇబ్బంది అయితంది" అని రాసిండ్రు. ఆ పేరెంట్స్‌ల నేను గూడ ఒకదాన్ని, హన్మకొండల కూసోని ఇది టైప్ జేస్తున్న, నన్నెవలు అడగలే.

పోయిన జూలైల బిడ్డ దగ్గరికొచ్చినప్పుడు దీవి పిక్నిక్‌కు నేను గూడ వచ్చిన గదా. ఇబ్బంది కాలేదని అబద్ధమెందుకు, అయింది. ఆదివారం పదకొండింటికి బే స్ట్రీట్ కొసకు దీవికి పడవలెక్కే జాక్ లేటన్ టెర్మినల్ కాడికి పోతే లైను మేడారం గద్దెల కాడ ఉన్నట్టే ఉంది. దీవిల కార్లు నడవయని అందరికెరికే, అయినా డిక్కీల పట్టినయన్ని తెచ్చిండ్రు: బగారన్నం ట్రేలు, కూలర్లు, మడత కుర్చీలు, క్యారమ్ బోర్డు. పోరగాండ్లు వాటర్ టాక్సీ ఎక్కి పోయిండ్రు, ట్రేలు మా చేతులల్ల మిగిలినయి. ఒక ట్రే వంగి పెరుగుచట్నీ నా చీర కుచ్చిళ్ల మీద కారింది. ఎనక నుంచి కమిటీ తమ్ముడొకాయన "ముసలోళ్లను తెచ్చుడే తప్పైంది" అన్నడు. మెల్లగనే అన్నడు, గని నాకు మోకాళ్లే నొస్తయి, చెవులు మంచిగనే ఉన్నయి.

మేమెక్కిన పడవ 1939ల కట్టిందట, నాకన్న పెద్దది, ఆయాసం లేకుంట పావుగంటల దించింది. అల్లుడు నాలుగు చక్రాల తొక్కుడుబండి కిరాయికి తెచ్చి "అత్తమ్మా, ముందట కూసోండ్రి" అన్నడు, పెండ్లిపిల్ల లెక్క ఊరేగిన. రోడ్డు నడిమిట్ల నిలబడి నీళ్లు తాగిన, ఒక్క హారన్ లేదు. మా హన్మకొండల గట్ల నిలబడేది ఏడాదికొక్క పొద్దే, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ. మిగిలిన దినాలు మా కొడుకు గల్లీ కొసకున్న కిరాణంకు గూడ బండి మీదనే పోతడు, మనం గట్లనే ఉంటం మల్ల.

సాయంత్రం దీవి తూర్పు కొసకున్న వార్డ్స్ దిక్కు పోయినం. ఆడ రెండొందల అరవై దాకా ఇండ్లున్నయట, వాళ్లకు గూడ కార్లు లేవు. నాకన్న పెద్ద తెల్లామె సామాన్లన్ని చిన్న చేతిబండిల వేసుకోని గుంజుకపోతాంది. మనకు గసోంటియి నాలుగుంటే ట్రేల లొల్లే లేకపోవు. తిరుగుడు టికెట్ ముందుగాల్నే తీసుకునుడు కాబట్టి ఏ రేవు నుంచైనా రావచ్చు, మనోళ్లంత దీవి నడిమిట్ల ఉన్న సెంటర్ రేవు కాడ గంటసేపు నిలబడిండ్రు, మేము వార్డ్స్ కాడ జల్ది ఎక్కినం.

అసలే నడవలేనోళ్ల కోసం కమిటీ చెప్పేది నిజమే, నేను కాదంటలేను. గని పొద్దున మొదటి పడవకే పెద్దోళ్లను ఇద్దరు పోరగాండ్ల తోటి పంపుండ్రి. సైకిళ్లున్నోళ్లు వార్డ్స్ పడవకు రాండ్రి, గర్దీ రోజులల్ల సెంటర్ పడవకు ఎక్కనియ్యరు. మేడారం పోయేటప్పుడు నెత్తి మీద బంగారం, గదే బెల్లం, మోస్తం గని వంటిల్లు మొయ్యం గదా, ఇంటికో పులిహోర డబ్బా చాలు. ఆ దీవి ఒకప్పుడు గడ్డకు అతుక్కోనే ఉండెనట, 1858ల తుఫాను తెంపిందట, ఇప్పుడు మా పేరు జెప్పి మీరింకోపారి తెంపకుండ్రి.

జూన్‌ల మళ్ల వస్తున్న, టికెట్ అయింది. సకినాలు నేనే తెస్త, ఒక్క చేతిసంచిల పట్టేటన్ని.