చదరంగం బల్ల మీద ఈ7 గడిలో నిలబడ్డ తెల్ల ఏనుగు గారికి

గజరాజా,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా జిల్లా పేరే గజపతి కాబట్టి మీ జాతికి మర్యాద ఎలా ఇవ్వాలో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. లఖారీ అడవి దిగి పొలాల మీద పడే మీ చుట్టాలు ఎదురైతే దండం పెట్టి తప్పుకుంటాం.

1895లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ చదరంగం పోటీలో, నల్ల పావులతో ఆడిన బార్డెలెబెన్ గతీ అదే అయింది. మిమ్మల్ని నడిపిన స్టైనిట్స్‌కి అప్పటికి 59 ఏళ్లు, ప్రపంచ టైటిల్ పోయి ఏడాది. 22వ ఎత్తులో మీరు నల్ల గుర్రాన్ని తొక్కేసి, రాజు ముక్కు కింద, మంత్రి భుజం పక్కన బైఠాయించారు. చంపితే వాళ్ల కొంపే మునుగుతుంది. అక్కణ్ణుంచి ఎఫ్7, జీ7, చివరికి హెచ్7లో బంటు కూడా మీ పొట్టలోకే. బార్డెలెబెన్ ఓడానని చెప్పకుండా హాల్లోంచి లేచిపోయాడు. ఇంతా చేసి ఆ ఓపెనింగ్ (ఆట మొదలెట్టే పద్ధతి) పాత పేరుకి అర్థం 'నెమ్మదైన ఆట' అట!

నెల రోజులు ఈ గేమ్ బట్టీ పట్టి, ఆదివారం అరుగు మీద మావయ్యతో కూర్చున్నాను. మా బోర్డులో ఒక నల్ల గుర్రం ఎప్పుడో పోయింది, దాని బదులు సీసా మూత. నా ఏనుగుతో ఆ మూతని తొక్కించి, చేతులు కట్టుకున్నాను.

"ఏటల్లుడూ, ఊరికే ఇచ్చెస్తన్నావేటి?" అని, బజ్జీ నూనె చేత్తోనే మంత్రితో లేపేశాడు.

రాత్రి మళ్లీ చూస్తే తెలిసింది మీ గుట్టు. 16వ ఎత్తులోనే మీ తమ్ముణ్ణి, అంటే రెండో తెల్ల ఏనుగుని, సి1లో కూర్చోబెట్టారు. నల్ల మంత్రి మీ మీదికొస్తే సి8 కాపలా సడలుతుంది, తమ్ముడూ జీ4లోని మీ మంత్రీ కలిసి అక్కడ పడతారు. అదీ మీ ధైర్యం! మా వీధి చోటా లీడర్లదీ ఇదే ధైర్యం లెండి. పేరు మీకు, పని తమ్ముడికి. నా రెండో ఏనుగు మాత్రం ఏ1 మూలలోంచి కదిలితే ఒట్టు.

బుధవారం తమ్ముణ్ణి ముందే సి1కి తెచ్చాను. మావయ్య బోర్డు వంక చాలాసేపు చూసి, "టీ తాగొస్తానుండు" అని లేచాడు. ఆయన బార్డెలెబెన్ పేరు కూడా వినలేదు.

మూడు రోజులైంది. బోర్డు అరుగు మీదే ఉంది. సీసా మూతని పిల్లి దొర్లించుకుపోయింది.

ఇట్లు,
ఏనుగును ఊరికే పోగొట్టుకున్నవాడు