నూకుడు సంస్కృతికి గడ్డుకాలం

ఓరుగల్లు చుట్టుపక్కల జిల్లాల్లో ఒక ప్రమాదకరమైన వస్తువు చేతులు మారుతోంది. జేబులో పడుతుంది. ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ఇస్తారు, ఆధార్ కార్డు కూడా చూపించమనరు. దాని పేరు పది నంబర్ పానా. దీన్ని పట్టుకొని కొందరు పట్టపగలు, ఇంటి ముందే, కారు బ్యాటరీ తామే మార్చేసుకుంటున్నారు. మెకానిక్‌కు కబురు లేదు, బావమరిదికి ఫోన్ లేదు, మంచిరోజు చూసుకున్నది లేదు. ఇరవై నిమిషాల్లో పని ముగించి చేతులు కడుక్కుంటున్నారు. 1959 నుంచి ఇంజినీర్లను తయారుచేస్తున్న ఊరు, రైలింజన్లు విప్పి బిగించే కాజీపేట షెడ్డు పక్కనున్న ఊరు ఇంత దిగజారుతుందని ఎవరనుకున్నారు?

దీనివల్ల పోయేది ఏమిటో ముందు చెప్పుకోవాలి. పోయేది నూకుడు.

చలికాలం పొద్దున ఆరున్నర. హన్మకొండలో ఒక గల్లీ. తాళం తిప్పితే బండి టక్ టక్ అని ఊరుకుంటుంది. ఓనరు దిగి ముందు టైరును ఒక తన్ను తంతాడు. టైరుకూ సెల్ఫ్ మోటారుకూ ఏ చుట్టరికమూ లేదు, అయినా అది ఆచారం. పాలప్యాకెట్‌తో పోతున్న మనిషి ఆగుతాడు.

"ఏమైందన్నా?"

"సెల్ఫ్ తీస్కుంటలేదే. టక్ టక్ అంటాంది."

"బ్యాటరీ దిగినట్టుంది. సెకండ్ల ఏసి క్లచ్ తొక్కి పట్టు. మేం నూకుతం, ఉరికినంక ఒక్కసారే ఇడువు."

"మేం" అన్నప్పుడు అక్కడున్నది ఒక్కడే. నిమిషంలో ఐదుగురవుతారు. కులం, పార్టీ, పాత పార్కింగ్ పంచాయితీలు అన్నీ డిక్కీ మీద చేతులు పెట్టగానే మాయం. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి స్టీరింగ్ రాయిలా ఉంటుంది, బ్రేకు రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బిగుసుకుపోతుంది. అందుకే ముందు చెత్తబండి కనిపిస్తే ఐదుగురూ ఒకేసారి అరుస్తారు. ఇంత ఐక్యత మరెక్కడ దొరుకుతుంది? కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుందని గిట్టనివాళ్లు అంటారు. పోనీయండి. ఐకమత్యానికి ఆమాత్రం ఖర్చు తప్పదు. ఆటోమేటిక్ గేరు బండ్లు మాత్రం ఊరంతా నూకినా స్టార్ట్ కావు. అవి సంఘంలో కలవని రకం. బ్యాటరీ బొత్తిగా చచ్చిపోతే మాన్యువల్ బండి కూడా లేవదు, బండి లోపలి పెట్రోలు పంపుకైనా కంప్యూటరుకైనా కాస్త కరెంటు కావాలి కదా.

ఈ సంస్కృతిని ఇన్నాళ్లూ పోషించింది మన ఎండ. రామగుండం మే నెలలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క. లోపలి నీళ్లు ఆవిరవుతాయి, ప్లస్ ప్లేట్ల జాలీ తినుకుపోతుంది. అయినా ఎండాకాలంలో ఇంజన్ ఆయిల్ పలచగా ఉంటుంది గనుక బండి ఎలాగో లేస్తుంది. డిసెంబరులో ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ ఎక్కువ కరెంటు అడిగిన పొద్దున అసలు సంగతి బయటపడుతుంది. చంపేది ఎండాకాలం, శవాన్ని చూపించేది చలికాలం. మూడు నాలుగేళ్లకోసారి ప్రతి గల్లీకీ ఈ భాగ్యం దక్కాలన్నది ప్రకృతి ఏర్పాటు. రోజూ కూరగాయలకు రెండు కిలోమీటర్లు పోయి వచ్చే బండ్లకు ఇంకా ముందే దక్కుతుంది, స్టార్ట్ చేసినప్పుడు పోయిన ఛార్జి అంత దగ్గరి దూరంలో తిరిగి నిండదు కాబట్టి.

ఇక నేరం జరిగే తీరు. కాలనీ సంఘాల నిఘా సౌకర్యం కోసమే దీన్ని వివరంగా రాస్తున్నాం. చదివి ఎవరూ నేర్చుకోరాదు.

నిందితుడు ముందు మల్టీమీటర్ తీస్తాడు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 లోపు అంటే ఖాళీ. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని ముల్లు చూస్తాడు. నిండుగా ఛార్జి ఎక్కించిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొడితే 9.6 కంటే కిందికి జారిందంటే దాని పని అయిపోయింది. బండి లేచాక 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. అక్కడా పన్నెండున్నరే ఉంటే తప్పు బ్యాటరీకి ఛార్జి ఎక్కించే ఆల్టర్నేటర్‌దో దాన్ని తిప్పే బెల్టుదో. కొత్త బ్యాటరీ వేసినా వారంలో అదీ దిగిపోతుంది. ఇలా కొనకముందే తెలుసుకోవడం ఎంత దుర్మార్గమో ఆలోచించండి. రెండు బ్యాటరీలు కొని ఆ తర్వాత ఆల్టర్నేటర్ విప్పించే సంప్రదాయం ఏమైపోవాలి?

కొందరైతే అసలు బ్యాటరీ కూడా కొనరు. టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూస్తారు, కదిలితే బిగిస్తారు. దాని మీద కర్పూరంలా తెల్లగా, మైలుతుత్తంలా నీలంగా పూసిన పొడిని (నీలంగా ఉన్నది నిజంగానే మైలుతుత్తం, తీగలోని రాగి యాసిడ్‌తో కలిసి అయినది) గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడుగుతారు. బుసబుస పొంగి శుభ్రమవుతుంది. మూతలున్న బ్యాటరీలో సోడా నీళ్లు లోపలికి పడకుండా చూసుకుంటారు, పడితే యాసిడ్ విరిగిపోతుంది. కొన్ని 'చచ్చిన' బ్యాటరీలు ఈ సోడాకే లేచి కూర్చుంటాయంటే వంటింటికీ ఈ కుట్రలో భాగముందని తేలుతోంది.

మార్చే తీరు మరీ ఘోరం. చేతికున్న వెండి కడియం, ఉంగరం తీసి పక్కన పెడతారు. కిటికీ అద్దం దించి, తాళంచెవి బయటే ఉంచుకుంటారు, కరెంటు తీసినప్పుడు డోర్లు లాక్ పడితే బయట నిలబడాల్సి వస్తుందని. ఆ తర్వాత మైనస్ ముందు విప్పుతారు. ప్లస్ ముందు కాదు. కారు ఒళ్లంతా మైనస్‌కు కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ నట్టు మీది పానా ఏ ఇనుముకు తగిలినా వందల ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి, పానా అక్కడే అతుక్కుంటుంది, బ్యాటరీ మీద హైడ్రోజన్ పోగై ఉంటే అంటుకుంటుంది. కడియం తగిలితే అది తీసేలోపే మణికట్టు మీద కడియం ఆకారంలో కాలుతుంది. మైనస్ ముందు తీసేస్తే ఆ తర్వాత ప్లస్ నట్టు మీది పానా కారు ఒంటికి తగిలినా ఏమీ కాదు, బ్యాటరీ రెండు కడ్డీలకూ ఒకేసారి తగలకుండా చూసుకుంటే చాలు. బిగించేటప్పుడు అంతా తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ ఆఖర. ఆఖరి కలయికలో చిటుక్కుమని చిన్న మెరుపు వస్తుంది. నిందితులు దానికి బెదరరు, ఆపుకోలేక వచ్చే తుమ్ములాంటిదని వాళ్లకు తెలుసు.

బ్యాటరీని అడుగున పట్టి ఉంచే క్లాంపును కూడా మళ్లీ బిగిస్తారు. ఇది మన రివాజుకు పూర్తిగా విరుద్ధం. ఆ క్లాంపు మొదటి మార్పిడిలోనే మాయమై, దాని స్థానంలో సైకిల్ ట్యూబు ముక్క రావాలి. అప్పుడే గుంతల్లో బ్యాటరీ ఎగిరెగిరి లోపలి ప్లేట్లు రాలి, రెండేళ్లకే మళ్లీ నూకుడు భాగ్యం కలుగుతుంది. టెర్మినల్ దిగకపోతే సుత్తితో కొట్టడం కూడా మన విద్యే. సీసం మెత్తన, పైనుంచి కొడితే లోపలి అతుకు విరుగుతుంది. వీళ్లు సుత్తి జోలికి పోకుండా, టెర్మినల్ నోరు కొద్దిగా తెరిచి దించుతున్నారు. పైన ఇంత వాజిలైన్ రాసి తుడుచుకుంటున్నారు.

కొనుగోళ్లలోనూ ఇదే అతి తెలివి. బ్యాటరీ మీద రాసి ఉండే 38బి20ఎల్ లాంటి కోడ్‌లో చివరి అక్షరాన్ని బట్టి ప్లస్ టెర్మినల్ ఏ వైపుందో తెలుస్తుందని, ఎల్ బదులు ఆర్ తెస్తే తీగ అందదని, మధ్యలోని 20 సుమారుగా సెంటీమీటర్లలో పొడవని చదివి మరీ వస్తున్నారు. టెర్మినల్ కడ్డీ సన్నదా లావుదా అని అడుగుతున్నారు. సన్న కడ్డీకి లావు క్లిప్పు పెట్టి, ఆ సందులో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కుక్కే మన హస్తకళ వీళ్లకు అక్కర్లేదట. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి లేచే బండికి మాటిమాటికీ లేపడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ, ఏజీఎం రకం బ్యాటరీల్లో ఇదివరకు బండిలో ఏది ఉండిందో అదే కావాలంటున్నారు. తయారైన నెల చూస్తున్నారు, ఆరు నెలలు దుకాణంలో మగ్గినది వద్దంటున్నారు. మీటర్ పెట్టి 12.5 పైన ఉంటేనే డబ్బులిస్తున్నారు. దుకాణదారు ముఖం చూడబుద్ధి కాదు.

పాత బ్యాటరీ విషయంలో కూడా జాలి లేదు. యాసిడ్‌ను మోరీలో పారబోయరు, డబ్బాను పెంటకుప్ప మీద పడేయరు. నిటారుగా పట్టుకొచ్చి దుకాణంలోనే అప్పగించి, బిల్లులో తగ్గింపు రాయించుకుంటారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించి రీసైకిలింగ్‌కు పంపే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయని కూడా చెబుతారు. మేడారంలో బెల్లాన్ని బంగారమని తూకమేసి మొక్కు చెల్లిస్తాం. బరువులో సగానికి పైగా సీసమే ఉన్న ఈ డబ్బాను వీళ్లు బంగారంలాగే తూయించుకుంటున్నారు.

కాబట్టి నిఘా అవసరం. నేరం జరిగిన కారులో గడియారం మొదటికి వెళ్లి 12:00 చూపిస్తుంది. ఒక్క నొక్కుకే పైకి రావాల్సిన అద్దం సగంలో ఆగుతుంది, కొన్ని బండ్లలో పూర్తిగా దించి, పైకి లేపి, బటన్ కొన్ని క్షణాలు పట్టుకుంటే గానీ మళ్లీ నేర్చుకోదు. మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజన్ కాస్త ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించిన కారే అయినా కొత్త బ్యాటరీకి మాత్రం నిమ్మకాయ కట్టి ఉండదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ప్యాంటు. బ్యాటరీని పొట్టకు ఆనించి మోసిన రోజు దాని మీద ఏమీ కనిపించదు. రెండో ఉతుకులో మోకాలి పైన చిన్న చిన్న చిల్లులు పడతాయి. "ఎలుకలు కొట్టినయా ఏంది?" అని ఇంట్లో అడిగితే నిందితుడు అవుననే అంటాడు.