నా కుడికంట్లో కాపురముంటున్న బూజు గారికి

గౌరవనీయులైన ఫ్యుజేరియం గారికి,

నమస్కారం. ఒంటికంటితో రాస్తున్నాను. అక్షరాలు తేడా పడితే మీదే పూచీ.

ఇవాళ ఆసుపత్రికి తొమ్మిదింటికి వెళ్తే మూడింటికి పిలిచారు. గడ్డం స్టాండుకి ఆనించాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి "తగ్గుతోంది" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. "ఇంకో మూడు వారాలు గంటగంటకీ చుక్కలు వేయండి" అన్నారు. లేచొచ్చిన ప్రాణం మళ్లీ కూలబడింది.

గంటగంటకీ! రోజుకి 16 చొప్పున 21 రోజులకి 336 చుక్కలు. ఆ చుక్కల మందు, నాటమైసిన్, మామూలు నీళ్లలా ఉండదు. మజ్జిగలా తెల్లగా ఉంటుంది, ఊపకపోతే అడుక్కి దిగిపోతుంది. ఎండాక రెప్పలకి సున్నం కొట్టినట్టుంటుంది. ఇదే మందుని చీజ్ మీద బూజు పట్టకుండా కూడా వాడతారట. నిన్న అప్రైజల్ మీటింగ్ మధ్యలో అలారం మోగింది. చుక్క వేసుకుని తలెత్తేసరికి మేనేజర్ కంగారుపడి "అయ్యో, బాధపడకండి, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. మీ వల్ల జరిగిన మేలు అదొక్కటే.

తప్పంతా మీదే అనను. సంక్రాంతికి ఊరెళ్లి, పెద్ద రైతులా చేట పట్టుకుని తూర్పారబట్టబోయింది నేనే. గాలి తిరిగింది, పొట్టు కంట్లో పడింది, నలిపాను. మెడికల్ షాపులో "ఎర్రగా ఉంది" అంటే ఏవో చుక్కలిచ్చాడు. రెండ్రోజులు హాయిగా ఉంది. ఉండదా మరి, అందులో స్టిరాయిడ్! పైకి ఎరుపు తగ్గించింది, లోపల మీకు బలం ఇచ్చింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టి మూత బిగించినట్టయింది.

తర్వాత కంటికి మత్తు వేసి, నల్లగుడ్డు మీద గీకి, ఆ గీకినదాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో నాకూ చూపించారు. సన్నటి దారాలు, వాటికి కొమ్మలు. పండక్కి అమ్మ ఇల్లంతా బూజు దులిపింది. ఒక్కచోటు వదిలేసిందన్నమాట.

నా కడుపుమంట మాత్రం వేరే. మీ బూజు జాతి, జబ్బు చేసిన కళ్లలోనే కాదు, ఏ జబ్బూ లేని కళ్లలోనూ ఉంటుందట. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ వాళ్లు డీఎన్ఏ తీసి మరీ చూశారు. మంచి కంట్లో కన్నీళ్లు కడుగుతుంటే, రెప్పలు ఊడుస్తుంటే నోరు మూసుకుని పడుంటారు. అద్దె అడిగామా? పొమ్మన్నామా? చిన్న గీత పడగానే అసలు బుద్ధి బయటపడింది.

ఇక గారూ లేదు, మీరూ లేదు. నువ్వు ముందునుంచీ ఉన్నావో, పొట్టుతోనే వచ్చావో నాకనవసరం. అయినా మీ వంశానికి రైతు కళ్లంటేనే ఎందుకురా అంత ఇది? 1879లో జర్మన్ డాక్టర్ లెబర్ మీ ఆస్పర్జిల్లస్ అన్నని పట్టుకున్నదీ ధాన్యం నూరుస్తూ పొట్టు పడిన రైతు కంట్లోనే. నాకంటే సెలవుంది, ఇన్సూరెన్సుంది, గుర్తుచేయడానికి ఫోనుంది. నా పక్క కుర్చీలో కూర్చున్న తాతకి ఏముంది? నాట్లకి ఆలస్యమైందని మూడు వారాలు పసరు పోసుకుని, చూపు మసకబారాక వచ్చాడు. గంటగంటకీ చుక్క వేయడానికి ఇంట్లో ఎవరూ లేరన్నాడు. ఆయన కంట్లో దూరడానికి నీకు సిగ్గనిపించలేదా?

నువ్వు పోతూపోతూ పెట్టిపోయే మచ్చని మా ఊళ్లో పువ్వు అంటారు. కంట్లో పువ్వేసిందంటారు, అదేదో అలంకారమైనట్టు. డాక్టరమ్మ కూడా మచ్చ మిగలొచ్చనే అన్నారు.

సరే, పెట్టక తప్పదంటే పెట్టు. నల్లగుడ్డు నడిమధ్యన మాత్రం వద్దు. కాస్త పక్కకి, ముక్కు వైపుకి పెట్టు. తాతకి కూడా.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు