తుపాను పోయిన పదో రోజు

అక్టోబరు దగ్గరపడితే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దవాళ్లు గాలి ఎటునుంచి తిరుగుతోందో చూసుకుంటూ ఉంటారు. కారణం అందరికీ తెలిసిందే. ఫైలిన్ తుపాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. ఏడాది తిరిగేసరికి, సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ పలాస దగ్గర ఒడ్డుకు చేరి, కొబ్బరి తోటల సీమ ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. 2021లో గులాబ్ కాస్త ముందుగా, సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పైడితల్లమ్మ పండగ, గాలివాన ఒక్క నెలలోనే రావడం మనకు కొత్త కాదు.

మొదటి రోజును ఎదుర్కోవడం మనం బాగానే నేర్చుకున్నాం. నాలుగు రోజుల ముందే వాయుగుండం సంగతి తెలుస్తోంది. తీరంలోని ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారు. బడుల్లో శిబిరాలు తెరిచి పులిహోర పొట్లాలు పంచుతున్నారు. రాత్రంతా నిద్రమానుకుని పనిచేసే గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందికీ, కూలిన స్తంభాల మధ్య వానలో లైన్లు లాగే విద్యుత్ కార్మికులకూ మనమంతా రుణపడి ఉన్నాం. మా బెంగంతా పదో రోజు గురించే. టీవీ వాళ్లు, మంత్రులు వెళ్లిపోయాక, బడి తిరిగి తెరవాలని శిబిరం ఖాళీ చేయించాక, కరెంటు ఇంకా రాని వీధిలో మనిషి ఎలా బతకాలన్న దానికి మన పట్టణాల దగ్గర రాసి పెట్టుకున్న జవాబు లేదు.

తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. తాతల నాటి తోట ఒక్క రాత్రిలో పోయిన ఇంట్లో ఆ ఏళ్లు ఎలా గడిచాయో ఆ ఇంటివాళ్లకే తెలుసు. అయినా పల్లెలో కొన్ని ఆసరాలు మిగిలాయి. పెరట్లో నుయ్యి ఉంది. డబ్బాలో చోడిపిండి (రాగిపిండి) ఉంటే అంబలి కాచుకోవచ్చు. పడిపోయిన కొమ్మలే పొయ్యిలోకి కట్టెలయ్యాయి. అదే గాలి శ్రీకాకుళం పట్టణం మీదుగానో, విజయనగరం నడిబొడ్డునో పోతే? మూడో అంతస్తులో అద్దెకుంటున్న కుటుంబానికి నీళ్లు రావాలంటే మోటారు ఆడాలి. గ్యాసు బండ కావాలంటే ఫోన్ పనిచేయాలి. రేషన్ బియ్యం ఇవ్వాలంటే డీలరు చేతిలోని మిషన్‌కు సిగ్నల్ అందాలి. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే నిలుస్తాయి. ఆ తర్వాత డీజిల్ పోసేవాడు రాకపోతే అవీ మూగబోతాయి. హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ అంతటి నగరమే రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. పాల ప్యాకెట్ కోసం జనం బారులు తీరారు.

అన్నిటికన్నా ముందు నీళ్ల మాట చెప్పుకోవాలి. ఆకలికి ఒక పూట ఓర్చుకోగలం గానీ దాహానికి ఓర్చుకోలేం. శ్రీకాకుళం తాగేది నాగావళి నీళ్లు. విజయనగరానికి చంపావతి, గోస్తనీ ఆధారం. ఏటి ఇసుకలోని ఊట బావుల నుంచి నీటిని మోటార్లతో తోడి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తేనే కుళాయి పారుతుంది. పంప్‌హౌస్‌కు కరెంటు పోతే ఊరంతా ఎండిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. నీళ్లు లేక పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు, పగుళ్లున్న చోట పక్కనున్న మురుగును పైపు లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలిన రోజున ఆ మురుగు నేరుగా బిందెలోకి వస్తుంది. తుపాను తర్వాత వారానికో పది రోజులకో వాంతులు, విరేచనాలు మొదలవడం వెనక తరచుగా ఈ కారణమే ఉంటుంది. తుపాను లేకుండానే కలుషిత నీరు ఎంత పని చేస్తుందో 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో చూశాం. అతిసారం అన్ని ప్రాణాలు తీశాక కూడా పైపులైన్ల సంగతి రేపు చూద్దాం అనుకోవడం తగదు.

ఒకప్పుడు మన వీధుల్లో నూతులుండేవి. కుళాయిలొచ్చాక కొన్నిటి మీద పలకలు పరిచారు, కొన్నిటిని చెత్తతో పూడ్చేశారు. బోరింగులదీ అదే గతి. హ్యాండిల్ ఊడిపోయి, వాషర్లు అరిగిపోయి, చుట్టూ బళ్లు నిలుపుకునే చోట్లయిపోయాయి. చేత్తో కొట్టే బోరింగుకు కరెంటు అక్కర్లేదు. ఇంటింటికీ సబ్‌మెర్సిబుల్ మోటార్లు దించుకున్నాం గానీ, కరెంటు పోతే వాటితో చుక్క నీరు తోడలేం. వార్డుకు రెండు బోరింగులు, ఒక నుయ్యి బాగుచేసి ఉంచితే పదో రోజున ఆ వార్డు తన కాళ్ల మీద తను నిలబడగలదు. నుయ్యి శుభ్రమైతే నీటి కొలత కట్టి బ్లీచింగ్ వేయాలి. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగాక తోడుకోవచ్చు. మూత తీసి నెలల తరబడి మూల పడేసిన బస్తాలో పొడికి సత్తువ ఉండదు. అది చల్లి పని అయిపోయిందనుకోవడం జనాన్ని మోసగించడమే. ఇళ్లలోనూ నీళ్లు బాగా మరిగించి తాగాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపి, ఆస్పత్రికి చేరేదాకా తాగిస్తూ ఉండాలి.

శ్రీకాకుళం జిల్లాకు పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. ఉద్దానం కిడ్నీ రోగులు. ఒక్కొక్కరికి వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటల డయాలసిస్. మిషన్‌లో నిమిషానికి సుమారు అర లీటరు ద్రవం పారుతుంది కాబట్టి ఒక్కసారికే 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. అంత శుద్ధమైన నీరు తీయడానికి అంతకన్నా ఎక్కువ మామూలు నీరు ఖర్చవుతుంది. కరెంటు, నీళ్లు, ఆస్పత్రిదాకా వెళ్లే దారి, వీటిలో ఏది తెగిపోయినా ఆ మనిషి రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది, హిరమండలం నుంచి ఉద్దానానికి తాగునీరూ వచ్చింది. మంచి పనులు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. చెట్లు పడి రోడ్డు మూసుకుపోయిన రోజున, డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషిని ఏ బండిలో, ఏ దారిన, ఏ కేంద్రానికి తీసుకెళ్తారు? ఆ కేంద్రంలో జనరేటరుకు ఎన్ని రోజుల డీజిల్ ఉంది? ఇన్సులిన్ వాడేవాళ్లు, ఆక్సిజన్ మీదున్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, మంచం దిగలేని ముసలివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వార్డు సచివాలయంలోని నర్సుకు (ఏఎన్ఎంకు) తెలుసు. ఆ జాబితా కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో ఉన్న జాబితా ఛార్జింగ్‌తో పాటే పోతుంది.

కష్టం ఎక్కువ రోజులు సాగే కొద్దీ అది అందరికీ ఒకేలా ఉండదు. నెల జీతం ఉన్నవారికి ఇబ్బంది, రోజు కూలీకి పస్తు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బండి మీద టిఫిన్ అమ్ముకునే ఆవిడకు పది రోజులు బేరం లేకపోతే పెట్టుబడి కరిగిపోతుంది, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడతాడు. ఇల్లు కూలితే పరిహారం ఇంటి యజమానికి దక్కుతుంది, అద్దెకున్నవాళ్ల సామాను పోయిందని అడిగే దిక్కుండదు. పొలంలో కౌలు రైతుకు జరిగే అన్యాయమే పట్నంలో వీళ్లకూ జరుగుతోంది. నష్టాల లెక్క రాసేటప్పుడు అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లనూ, వీధి వ్యాపారులనూ పేరుపేరునా చేర్చాలని మేము కోరుతున్నాం. మిషన్ పనిచేయనప్పుడు రేషన్‌ను పుస్తకంలో సంతకం పెట్టించుకుని ఇవ్వాలన్న ఉత్తర్వు తుపాను రాకముందే డీలర్ల చేతిలో ఉండాలి.

విపత్తుల నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ, కార్పొరేషన్ ఉన్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించింది. శ్రీకాకుళం, విజయనగరం రెండూ కార్పొరేషన్లే. ఆ సంస్థలను కాగితం మీద ఏర్పాటు చేసి చేతులు దులుపుకోకుండా పని చేయించాలి. శ్రీకాకుళం విషయంలో మా మనసుకు మరింత కష్టం కలిగించేది ఇంకొకటుంది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా పట్టణాలకు మున్సిపల్ ఎన్నికలు జరిగితే ఈ నగరానికి జరగలేదు. అధికారులు ఎంత కష్టపడ్డా, ఏ సందులో ఏ ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఉందో, ఎవరి దొడ్లో నుయ్యి ఇంకా బతికి ఉందో తెలిసేది ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషికి. అర్ధరాత్రి తలుపు తట్టి అడగడానికి జనానికి ఒక కార్పొరేటర్ కావాలి. ఎన్నికలు ఇక ఆలస్యం కాకూడదు.

అంతదాకా ఎదురుచూడనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. పంప్‌హౌస్‌ల జనరేటర్లను ఈ నెలలోనే ఒక రాత్రంతా నడిపి చూడండి. బ్లీచింగ్ బస్తాల మీది తేదీలు చూడండి. డయాలసిస్ రోగుల జాబితా అచ్చు వేయించి ప్రతి సచివాలయం గోడకూ కాకపోయినా బీరువాలోనైనా పెట్టండి. బోరింగుల హ్యాండిళ్లు, వాషర్లకు పెద్ద ఖర్చేమీ కాదు, టెండర్ల పేరుతో నెలలు గడపాల్సిన పనీ కాదు. ఒక మెకానిక్‌ను, ఒక హెల్పర్‌ను వార్డుకు పంపితే సెప్టెంబరు నెలాఖరులోగా బాగయిపోతాయి. మీ వీధిలో పాడుబడ్డ బోరింగు, పూడిపోయిన నుయ్యి ఉంటే ఎక్కడుందో మాకు రాయండి. వార్డుల వారీగా ఆ జాబితాను ఈ పత్రికలో అచ్చువేసి, ఏది బాగయిందో ఏది కాలేదో వారం వారం చెబుతాం.