న్యూస్‌లో నాలుగు దిక్కులు లేవండీ

'ఇంగ్లీషు మాటల్లో దాగిన రహస్యాలు' అనే మెసేజ్ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి మూడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా మావయ్య. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అట. టిప్ అంటే 'టు ఇన్స్యూర్ ప్రాంప్ట్‌నెస్' అట. గోల్ఫ్ అంటే 'జెంటిల్మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్' అట. పైగా, ఇంగ్లీషు పేద భాష కాబట్టి బ్యాంకు, లాకు లాంటి ఒక్కో మాటని సంబంధం లేని రెండు చోట్ల వాడుకుంటారట. ట్యూషన్‌కొచ్చే ఒక పాప ఇదంతా ఎర్ర పెన్నుతో నోట్సులో ఎక్కించుకొచ్చాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

న్యూస్ అంటే 'కొత్తవి', అంతే. న్యూకి బహువచనం. ఫ్రెంచివాళ్లూ వార్తల్ని 'కొత్తవి' అనే అంటారు. పాత ఇంగ్లీషు రాతల్లో ఈ మాటకి ఇంకో 'ఈ' కూడా ఉండేది. మరి రెండో తూర్పు ఎక్కణ్ణుంచి తెస్తాం?

టిప్ 1600ల నాటి ఇంగ్లండు దొంగల మాట. చేతిలో పెట్టడం అని అర్థం. అయినా తినేశాక ఇచ్చే డబ్బు వడ్డన తొందరగా ఎలా చేయిస్తుందండీ?

గోల్ఫ్‌ని 1457లో స్కాట్లండు పార్లమెంటు నిషేధించింది. విలువిద్య మానేసి జనం ఈ ఆటలో పడుతున్నారని. నిషేధం ఆటకి, ఆడవాళ్లకి కాదు. పొడి అక్షరాలు కలిపి మాట చేసే అలవాటు 20వ శతాబ్దంలోనే ఊపందుకుంది. రాడార్, లేజర్ అలా పుట్టినవే.

ఇక లాకు. ఈ మాట మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల మీద పడవలు నడిచిన సీమ ఇది. కాలవలో రెండు వైపులా తలుపులుండే గదిలాంటిది లాకు. ఎగువకి వెళ్లే పడవ అందులోకి వచ్చాక వెనక తలుపులు మూసేవారు. పైనుంచి నీళ్లు వదిలితే పడవ మెల్లగా పైకి తేలేది. రెండు నీటిమట్టాలు సమానమయ్యాకే ముందు తలుపులు తెరిచేవారు. ఇంటికి వేసే లాకు పనీ మూసి ఆపడమే. పాత ఇంగ్లీషులో ఈ మాటకి గడియ అని అర్థం. ఒకే మాట, రెండు చోట్ల కాపలా. అయితే జుట్టు పాయని కూడా లాక్ అంటారు, అది వేరే మాట. స్పెల్లింగు ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు.

బ్యాంకు ఇంకా తమాషా. డబ్బు బ్యాంకు ఇటలీ నుంచి వచ్చింది. డబ్బు మార్చేవాళ్లు ముందు వేసుకున్న బల్ల అది. ఏటిగట్టుని బ్యాంక్ అనడం ఉత్తర యూరపు నుంచి వచ్చింది. రెండూ వెనక్కి వెళ్తే ఒకే జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబం) మూలానికి చేరతాయి. కూర్చునే బెంచీ కూడా ఆ కుటుంబానిదే. సాయంత్రాలు ఏటిగట్టు మీద చేరే మనవాళ్లకి ఇది వింతగా ఉండకూడదు.

ఇలా సాగదీయడం పేదరికమైతే మనమూ పేదవాళ్లమే. వాళ్లు సూదికి కన్ను పెట్టారు, మనం కొబ్బరికాయకి మూడు కళ్లు పెట్టాం. నదికి వాళ్లు నోరు పెడితే, మనం కుండకి మూతి పెట్టాం.

ఇదంతా గ్రూపులో పెట్టి, చేలగట్లు తవ్వే మన పందికొక్కే ఇంగ్లీషులో బాండికూట్ అయిందని, ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఇంకో జంతువుకీ ఆ పేరే పెట్టారని చివర్లో రాశాను. మావయ్య వెంటనే జవాబిచ్చారు: "ఆయ్, బాగుందిరా. మరి బాండికూట్ ఫుల్ ఫామ్ ఏంటి?"